గేటు లేని పార్కు: కుత్తాలం సీజన్, మన కట్టుసద్ది, తలల లెక్క



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో జరిగింది మీకందరికీ తెలిసిందే. ఈసారి పిల్లల టూరుకి చెన్నై దగ్గర తిరుప్పోరూరులో 2025 డిసెంబరులో తెరిచిన వండర్‌లాకి పోదామని యువజన విభాగంవాళ్ళు అన్నారు. "మా కాలంలో కుత్తాలం పోతిమి, పైసా టికెట్టు లేదు" అని పెద్దలు అన్నారు. మాట మీద మాట పెరిగింది. నేను ఆ రోజు నోరు తెరవలేదు. ముప్పై ఏళ్ళకు పైగా కోవిల్‌పట్టి, విరుదునగర్ బుకింగ్ కౌంటర్లలో కూర్చున్నవాణ్ణి, జనం ఎక్కడికి ఎందుకు పోతారో కొంచెం తెలుసు. అందుకని ఇంటికొచ్చి నిదానంగా రాస్తున్నాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మనవరాలి పలక మీద నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

ముందు పేరు సంగతి. మన ఇళ్ళలో కుత్తాలం అంటాం. తమిళంలో కుఱ్ఱాలం. ఆంధ్రా పుస్తకాల్లో కుర్తాళం అని రాస్తారు. మౌనస్వామి పెట్టిన సిద్ధేశ్వరీ పీఠం అక్కడ ఉండబట్టి గుంటూరు, విజయవాడ వాళ్ళకి కూడా ఈ ఊరు తెలుసు. అంతా ఒకటే ఊరు.

కొండలో సందు

మన కోవిల్‌పట్టి కరిసల్ నేల. ఆని, ఆడి నెలల్లో ఇక్కడ గాలి తప్ప వాన ఉండదు. కేరళలో కురిసే నైరుతి వానని పడమటి కొండలు ఆపేస్తాయి. కానీ చెంకోట దగ్గర ఆ కొండల్లో ఒక సందు ఉంది. ఆ సందులోంచి తడిగాలి ఇటు వస్తుంది. తెన్‌కాశి, కుత్తాలం మీద సన్నగా తుంపర పడుతుంది. దానికే సారల్ అని పేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా సీజన్. మనకు ఎండ, గాలిదుమ్ము. డెబ్భై ఎనభై కిలోమీటర్ల అవతల చలిగాలి, జలపాతం. మన జిల్లాలవాళ్ళకి ఆ ఊరి మీద అంత మోజు ఎందుకంటే ఇదే కారణం.

ఈ మోజు ఇప్పటిది కాదు. కుఱ్ఱాలనాథర్ గుడి శంఖం ఆకారంలో కట్టినది. నటరాజు ఐదు సభల్లో చిత్రసభ అక్కడే ఉంది. 18వ శతాబ్దంలో మేలగరం తిరికూడ రాసప్ప కవిరాయర్ ఆ ఊరి మీదే తిరుక్కుఱ్ఱాల కుఱవంజి రాశాడు. దాన్ని మెచ్చి ఆయనకు భూమి ఇచ్చినవాడు మదురై నాయకరాజు ముత్తు విజయరంగ చొక్కనాథుడు. కావ్యం తమిళం, మెచ్చుకున్న రాజు ఇంటి భాష తెలుగు. ఆ భూమిని కుఱవంజి మేడు అంటారు. తరవాత కంపెనీ దొరలు తిరునెల్వేలి ఎండ తట్టుకోలేక అక్కడ బంగళాలు కట్టుకున్నారు. రసికమణి టి.కె. చిదంబరనాథ ముదలియార్ అక్కడే ఇల్లు పెట్టుకుని సాహిత్యం మాట్లాడేవారు. రాజాజీ, కల్కి లాంటివాళ్ళు ఆ ఇంటికి వెళ్ళేవారు.

రైలు వచ్చాక

మామూలు జనానికి కుత్తాలాన్ని దగ్గర చేసింది మాత్రం రైలే. మదురై నుంచి విరుదునగర్, కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడికి లైను 1876లోనే పడింది. తిరునెల్వేలి నుంచి తెన్‌కాశి, చెంకోట మీదుగా కొండలు దాటి కొల్లం పోయే లైను 1904లో పూర్తయింది. విరుదునగర్ నుంచి శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, శంకరన్‌కోవిల్ మీదుగా తెన్‌కాశికి నేరుగా లైను 1927లో వచ్చింది. అంతకు ముందు రాజపాళయం రాజులు గానీ శివకాశి వ్యాపారులు గానీ కుత్తాలం పోవాలంటే బండి కట్టాలి, లేదా తిరునెల్వేలి చుట్టి రావాలి. ఆ తరవాత పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి తలస్నానం.

థీమ్ పార్కులో ఎంతమంది వచ్చారో గేటు దగ్గర యంత్రం లెక్కపెడుతుంది. కుత్తాలానికి గేటు లేదు, టికెట్టు లేదు. మరి లెక్క ఎక్కడ? మా కౌంటర్లో. మీటర్ గేజ్ రోజుల్లో అట్ట టికెట్లు ఉండేవి. ఒక్కో ఊరికి ఒక్కో అర. పొద్దున మొదటి నంబరు, రాత్రి ఆఖరి నంబరు రాసుకుంటే ఆ ఊరికి ఎంతమంది పోయారో తేలిపోతుంది. మామూలు రోజుల్లో తెన్‌కాశి అర మెల్లగా తగ్గేది. సారల్ మొదలైందన్న మాట పుట్టిందంటే రెండు రోజుల్లో అర ఖాళీ.

ఆ మాట ఎట్లా పుట్టేదో చెప్పనా? అప్పట్లో సెల్‌ఫోను లేదు. చెంకోట పాసింజరు విరుదునగర్ వచ్చి ఆగితే కిటికీ కమ్ములకి తడి తువ్వాళ్ళు ఆరేసి ఉండేవి. ఆ తువ్వాళ్ళు చూసి ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు అడిగేవాడు: "ఏం అన్నా, నీళ్ళు పడతా ఉందా?" లోపలినుంచి జవాబు: "బాగా పడతా ఉందప్పా, ఐదరువి కూడా!" ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది. మరుసటి రోజు క్యూ మా ఆఫీసు గుమ్మం దాటేది. 2004 నాటికి ఆ లైను బ్రాడ్ గేజ్ అయింది. అట్ట టికెట్లూ పోయాయి. తువ్వాళ్ళు మాత్రం ఇంకా కిటికీలకి కనిపిస్తాయి.

నీళ్ళు ఎక్కువైతే

పెద్ద అరువిలో నీళ్ళు పైనుంచి నేరుగా మన నెత్తిన పడవు. మధ్యలో పొంగుమాకడల్ అని లోతైన రాతి గుంట ఉంది. నీళ్ళు ముందు అందులో పడి, జోరు తగ్గి, అక్కడినుంచి కిందికి దూకుతాయి. అందువల్లే పిల్లలూ ముసలివాళ్ళూ కింద నిలబడి స్నానం చేయగలుగుతున్నారు. దేవుడు కట్టిన సేఫ్టీ అది.

కానీ కొండమీద గట్టివాన పడితే ఆ గుంట కూడా ఆపలేదు. కింద స్నానం చేసేచోట వంపుగా ఒక ఆర్చ్ ఉంది, చూసే ఉంటారు. నీళ్ళు ఆర్చ్ లోపల పడితే స్నానం చేయొచ్చు. ఆర్చ్‌ని దాటి పడితే పోలీసు విజిల్ ఊదుతాడు, అందరూ బయటికి. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే గుర్తు అది. మూత ఒక గంట కావచ్చు, రెండు రోజులు కావచ్చు. డబ్బు కట్టలేదు కాబట్టి డబ్బు వాపసు ఇమ్మని ఎవరూ అడగరు. టీ తాగి కూర్చుంటారు, తగ్గితే మళ్ళీ దిగుతారు.

అన్నిసార్లూ అంత సులువుగా గడవదు. 2024 మే 17న పాత కుత్తాలం అరువిలో ఉన్నట్టుండి వరద వచ్చింది. కింద ఎండ కాస్తున్నా పైన కొండలో కురిసిన వాన నిమిషాల్లో కిందికి దిగుతుంది. జనం పరుగులు తీశారు. పదిహేడేళ్ళ పిల్లవాడు ఒకడు కొట్టుకుపోయి చనిపోయాడు. అది అసలు సీజన్ కూడా కాదు, మే నెల. "మాకు తెలియని అరువా" అనుకునే మనలాంటివాళ్ళు ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

థీమ్ పార్కులవాళ్ళ పద్ధతి వేరు. ఉరుము మెరుపు దగ్గరికి వస్తే, గాలి హద్దు దాటితే, ఎత్తైన రైడ్లు ఆపేస్తారు. ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు తిప్పాలో కాగితం మీద రాసి ఉంటుంది. మన రైల్వేలో రూల్ బుక్ లాగా. సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరు తన తెలివి చూపించకూడదు, బండి ఆపాలి. ఈ ఒక్క విషయంలో యువజన విభాగంవాళ్ళతో నాకు పేచీ లేదు.

పార్కులు కూడా ఇదంతా పుట్టుకతో నేర్చుకోలేదు. అమెరికాలో డిస్నీలాండ్ 1955 జులై 17న తెరిచారు. ఆ రోజు పిలిచింది పదిహేను వేలమందిని అంటారు, దొంగ టికెట్లతో కలిపి వచ్చింది ఇరవై ఎనిమిది వేలు. మండే ఎండ. కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగే నీళ్ళ కుళాయిలు చాలావాటిలో నీళ్ళు లేవు. తిండి అయిపోయింది. అంటే మొదటి రోజే మూడూ చేయి దాటాయి: తలలెక్క, ఎండ, తిండి. తరవాత డెబ్భై ఏళ్ళలో వాళ్ళు నేర్చుకున్నదంతా ఆ మూడింటి గురించే.

తిండి సంగతి

చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. గేటు దగ్గర సంచీ తెరిచి చూస్తారు. శుభ్రం కోసం అంటారు. లోపలి హోటలు వ్యాపారం కూడా ఒక కారణమే కదా. కుత్తాలానికి పోయే దారి పూర్తిగా వేరు. ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం, ఊరగాయ కట్టుకుంటాం. అది చాలదన్నట్టు దారిలో ప్రతి ఊరికీ ఒక తిండి ఉంది. కోవిల్‌పట్టిలో కడలై మిట్టాయి. మన కరిసల్ నేల వేరుశెనగ, బెల్లం పాకం. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సాత్తూరులో కారాసేవు, వెళ్ళరిక్కాయ. విరుదునగర్లో నూనెలో వేయించిన పరోటా. శ్రీవిల్లిపుత్తూరులో పాల్‌కోవా. కుత్తాలంలో మంగుస్తాన్, రంబుటాన్ పళ్ళు.

చెంకోట దగ్గర ప్రానూరులో బార్డర్ పరోటా అంటారు కదా. ఆ బార్డర్ ఏమిటని మీ పిల్లల్ని అడగండి, చెప్పలేరు. 1956 నవంబరు 1 దాకా చెంకోట తిరువిదాంకూరు-కొచ్చి రాష్ట్రం వైపుది. భాషా రాష్ట్రాలు వచ్చినప్పుడు ఇటు కలిసింది. సరిహద్దు పోయి డెబ్భై ఏళ్ళవుతోంది. పేరు మాత్రం పరోటాలో మిగిలింది.

తిండికీ హాజరుకీ ఉన్న సంబంధం మన గడ్డకి ఎవరూ నేర్పక్కర్లేదు. విరుదునగర్ బిడ్డ కామరాజర్ ముఖ్యమంత్రిగా బడిలో మధ్యాహ్న భోజన పథకాన్ని 1956లో మొదలుపెట్టింది మన కోవిల్‌పట్టి పక్కన ఎట్టయపురంలోనే. అన్నం పెడితే పిల్లలు బడికి వస్తారు. నేను ఆ అన్నం తిని తమిళం చదువుకున్నవాణ్ణి. గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని పరిగెత్తినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో మనకే తెలుసు. కాబట్టి "తిండి ఎవడు మోస్తాడు, అక్కడే కొనుక్కోవచ్చు" అని ఎవరైనా అంటే నాకు కొంచెం నొప్పిగా ఉంటుంది. కొనలేనివాడు కూడా మన బస్సులో ఉంటాడు.

టికెట్టు డబ్బు ఎక్కడికి పోతుంది

గేటు, టికెట్టు ఉండటమే తప్పని నేననను. విరుదునగర్ పరాశక్తి మారియమ్మన్ పంగుని పొంగల్‌కి ఏటా పొరుట్కాట్చి జరుగుతుంది, కె.వి.ఎస్. బడి మైదానంలో. రాట్నం, మరణబావి, అప్పడం, ఢిల్లీ అప్పడం, అన్నీ ఉంటాయి. పంగుని ఎండకి పగలు ఎవరూ రారు, పొద్దు వాలాక ఊరంతా అక్కడే. ఆ బడి పూర్తి పేరు క్షత్రియ విద్యాశాల, 1889లో పెట్టారు. కామరాజర్ చదివింది అక్కడే. ఆ ఊరి నాడార్లు వ్యాపారంలో మహిమై అని కొంత తీసిపెట్టి, ఇంటింటికీ పిడికెడు బియ్యం పోగుచేసి బడి నడిపిన సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక సంఘం ఏం చేయగలదో చూడాలంటే దూరం పోనక్కర్లేదు.

తెలుగుదేశంలో కూడా అట్లాంటిదే ఉంది. హైదరాబాదులో నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘంవాళ్ళు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి ఒకటో తేదీన మొదలై నెలన్నర ఉంటుంది. టికెట్ల మీద, అంగళ్ళ మీద వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. 2019 జనవరి 30న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి అంగళ్ళు కాలిపోయాయి. కరోనా వల్ల 2021లో జరగలేదు. అయినా మళ్ళీ నిలబడింది. రాట్నం ఎక్కిన పిల్లవాడి టికెట్టు ఇంకో పిల్లకి ఫీజు అవుతుంటే ఆ టికెట్టు మీద నాకు కోపం లేదు.

నా తప్పు

ఇక నా సొంత సంగతి. పాతవాళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళకి తెలియాలి.

తొంభైల్లో ఒక ఆడి నెల. మన సంఘం రెండు బస్సులు కుదిర్చి కుత్తాలం పోయాం. తిండి, లెక్క రెండూ నాకు అప్పగించారు, రైల్వేవాడు కదా అని. మేము పోయేసరికి నీళ్ళు ఆర్చ్ దాటి పడుతున్నాయి. పెద్ద అరువి మూత. ఐదరువికి పోతే అక్కడా మూత. మధ్యాహ్నం దాకా కాచుకున్నాం. నేను పెరుగన్నాన్ని వేడి చల్లారకుండా అండాలో మూతపెట్టించాను. తెరిచేసరికి పులిసి వాసన. పారబోశాం. పులిహోర ఉంది, అది పిల్లలకే సరిపోయింది. పెద్దలు టీతో గడిపారు.

సాయంత్రం నీళ్ళు తగ్గాయి. అందరూ ఒక్కసారిగా దిగారు. చీకటి పడుతుంటే తొందరతొందరగా బస్సు ఎక్కించాం. నేను సీట్లు లెక్కపెట్టాను. అన్నీ నిండి ఉన్నాయి. సరే అన్నాను. శంకరన్‌కోవిల్ దాటాక ఒక అక్క అడిగింది: "తమ్ముడూ, మావాడు ఆ బస్సులో ఉన్నాడా?" లేడు. తొమ్మిదేళ్ళవాడు. ఒడిలో కూర్చున్న పిల్లల్ని నేను వచ్చేటప్పుడూ లెక్కలో వేయలేదు, పోయేటప్పుడూ వేయలేదు.

ఒక బస్సు వెనక్కి తిప్పాం. ఆ గంటా నేను ఆ అక్క మొహం చూడలేదు. ఆమె కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ. పోయి చూస్తే వాడు గుడి పక్కన వడలు అమ్మే ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె తన కొంగు కప్పి వాడికి రెండు వడలు పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. తమిళంలో ఒకటే అంది: "పిల్లల్ని లెక్కపెట్టి తీసుకురండయ్యా." టికెట్లు తప్పులేకుండా లెక్కపెట్టి రోజూ క్యాష్ సరిచేసేవాణ్ణి. పిల్లవాణ్ణి లెక్కపెట్టలేదు.

వాన ఆపేసిన బండి

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో మన ప్రాంతంలో పడ్డ వాన ఎవరూ మరవలేరు. కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్లు. తిరుచ్చెందూరు నుంచి చెన్నై పోయే సెందూర్ ఎక్స్‌ప్రెస్ శ్రీవైకుంఠం స్టేషన్లో ఆగిపోయింది. ముందు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. బండిని అక్కడ ఆపినందువల్లే ప్రాణాలు దక్కాయి. దాదాపు 800 మంది ప్రయాణికులు. చుట్టూ నీళ్ళు. పక్కన ఉన్న పుదుక్కుడి గ్రామంవాళ్ళు తమ ఇళ్ళూ తడిసిపోయి ఉండగా, ఉన్న బియ్యం తెచ్చి గుడి దగ్గర వండి వాళ్ళకి పెట్టారు. తరవాత హెలికాప్టరు తిండి తెచ్చింది. కానీ ముందు చేరింది ఊరివాళ్ళ అన్నమే.

మూసివేత అంటే గేటుకి తాళం వేయడం ఒకటే కాదు. ఆగిపోయినవాళ్ళు ఏం తింటారు, ఎంతమంది ఉన్నారు, ఎవరు చిన్నవాళ్ళు, ఎవరు ముసలివాళ్ళు అని చూసుకోవడం కూడా అందులో భాగమే.

నా ప్రతిపాదన

చెన్నైకి పోయినా కుత్తాలం పోయినా నాకు ఒకటే. కానీ కమిటీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి, డబ్బు. టికెట్టు ఉన్న చోటికి పోతే ఇంటికింత అని వసూలు చేయకండి. సంఘం విద్యానిధిలోంచి ఇచ్చినట్టే మొత్తం ఒక్క సంచిలోంచి పోవాలి. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అనేది పిల్లలకి తెలియకూడదు. అంత డబ్బు లేకపోతే కుత్తాలమే పోదాం.

రెండు, తిండి. లోపలికి రానివ్వరంటే గేటు బయట బస్సు దగ్గరే పెట్టి పంపుదాం. అన్నం చల్లారాకే మూత పెట్టాలి. అది నేను చూసుకుంటాను, నేర్చుకున్నాను.

మూడు, వాన. ఆపే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆయన వద్దంటే పెద్దవాళ్ళయినా, డొనేషన్ ఇచ్చినవాళ్ళయినా నీళ్ళలో దిగకూడదు. మూతపడితే ఎక్కడికి పోవాలో ముందే రాసిపెట్టుకోవాలి. తెన్‌కాశి గుడి, చెంకోట, ఏదో ఒకటి.

నాలుగు, లెక్క. సీట్లు కాదు, తలలు. పేరు పిలవాలి, పిల్లలే జవాబు చెప్పాలి. ఒడిలో ఉన్నవాళ్ళతో సహా.

ఆ రోజు తప్పిపోయిన తొమ్మిదేళ్ళవాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈసారి వాళ్ళు కూడా వస్తారని వాళ్ళ నాయనమ్మ ఫోన్ చేసి చెప్పింది. "లెక్క నువ్వే చూసుకో తమ్ముడూ" అంది. ముప్పై ఏళ్ళ తరవాత ఆ మాట వినడం నాకు ఎంత పెద్దదో ఎట్లా రాయాలో తెలియడం లేదు.

ఆదివారం మీటింగుకి పేర్ల పట్టీ, నోటుబుక్కు తీసుకుని వస్తాను. మీరు కూడా రండి.